కమ్మరి కొలిమియు, పెద్దల పేరును
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగపాఠము)



ఏటేట ఈ వేదికపై పిల్లల చదువును, పరీక్షలను గూర్చి ముచ్చటించుట మాకు వాడుక. ఈ యేడు కమ్మరి కొలిమిని గూర్చియు, సమాధులను గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. ఉత్సవదినమున సమాధుల ప్రసంగమేల యని తాము శంకింపవచ్చును. పెద్దలను స్మరించుట అశుభము కాదు. వారి పేరును మనుమలు చదువలేని స్థితి వచ్చుటయే అశుభము.

ఇనుమునకును సమాధికిని మన సీమలో చుట్టరికము ప్రాచీనమైనది. మనకు సమీపముననున్న తిరుపత్తూరు జిల్లా పయ్యంపల్లిలో 1960 దశకమున భారత పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపి ఇనుపయుగపు ఆనవాళ్లను వెలికితీసిరి. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో ఇనుము వాడుక క్రీ. పూ. 2172 నాటిదని తమిళనాడు ప్రభుత్వము 2022లో ప్రకటించినది. మనవారు రాక్షసగుళ్లని పిలుచు పురాతన సమాధులలో మృతునితోపాటు ఇనుప కత్తులను, బల్లెములను ఉంచుట దక్షిణదేశమంతట కానవచ్చును. పలనాటి కారెంపూడిలో వీరుల ఆయుధములను కొణతములని పిలిచి, నేటికిని ఏటేట వీరారాధనోత్సవములలో పూజించుచున్నారు. అచ్చట ఇనుమే స్మారకచిహ్నము.

అట్టి ఇనుమును సాగగొట్టిన కమ్మరి సామాన్యుడు కాడు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున కాచిన ఉక్కును కొనుటకు పారసీక దేశమునుండి వర్తకులు వచ్చెడివారు. ఆంగ్లేయులు ‘ఊట్జ్’ అని వ్రాసిన మాట మన ‘ఉక్కు’ నుండి పుట్టినదే యని పలువురు పండితుల అభిప్రాయము. తరువాత సీమ ఇనుము దిగుమతియై కరగించు కొలుములు చల్లారినవి. ట్రాక్టరు వచ్చి నాగటికర్రు పని తగ్గినది. రబ్బరు చక్రములు వచ్చి బండిపట్టాల పని తగ్గినది. కొడవలియు, పారయు కర్మాగారమునుండి వచ్చుచున్నవి. కమ్మరి కుమారుడు తండ్రి పనిని విడిచి పోవుచున్నాడనిన, అది వాని సోమరితనము కాదు. కొలిమికి పని చెప్పువారు లేకపోవుటయే కారణము.

ఇట్టి దశ అన్యదేశములకును కలిగినది. అమెరికాలో గుఱ్ఱపుబండ్లతోపాటు కమ్మరి వృత్తియు క్షీణించినది. 1973లో ఆ వృత్తియందు మక్కువగలవారు ఒక సంఘముగా ఏర్పడి దానిని కళగా నిలబెట్టిరి. ఆ దేశమున ఉత్తర డకోటా రాష్ట్రమందు, రష్యానుండి వలస వచ్చిన జర్మను కుటుంబములవారి సమాధులపై కమ్మరులు చేతితో చేసిన ఇనుప సిలువలు కలవు. ఒకదానివలె మరియొకటి ఉండదు. ఆ శ్మశానములు కొన్ని 1989లో జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేరినవి. పరాయి సీమలో అల్పసంఖ్యాకులై బ్రదికినవారి ఆనవాలు అట్లు నిలిచినది. మనమును భాషాల్పసంఖ్యాకులమే కదా!

కావున మా మనవి యిది. ఖననము చేయు ఆచారముగల కుటుంబములవారు సమాధిపై నిలుపు సిలువను గాని, దీపపుగూటిని గాని, పేరుపలకను గాని మన కమ్మరిచేత చేయింపవలెను. దహనము చేయువారు పెద్దల పేర ఒక దీపస్తంభమును చేయింపవచ్చును. ఆ పేరు తెలుగు లిపిలో ఉండవలెను. మన అక్షరములు గుండ్రనివి. కొలిమిలో ఎఱ్ఱగా కాగిన కడ్డీని దాగలి కొమ్ముపై వంచినచో సున్నయు, గుడియు, కొమ్మును సులభముగా తీరును.

గ్రానైటుకంటె ఇనుము మన్నికైనదని మేము చెప్పము. ఇనుమునకు త్రుప్పు పట్టును. పని ముగిసిన పిమ్మట వెచ్చగా ఉండగనే అవిసెనూనె పూయవలెను. అడుగుభాగమును మట్టిలో పాతక రాతిలో బిగింపవలెను. ఏటేట మరల నూనెయో రంగో పూయవలెను. మహాలయ అమావాస్యకో, సమాధుల పండుగకో కుటుంబమంతయు వచ్చి ఆ పని చేసినచో పిల్లలు తాతగారి పేరును వ్రేలితో తడిమి చదువుదురు.

2006వ సంవత్సరపు చట్టముచే మన పిల్లలు తమిళమును తప్పక అభ్యసించుచున్నారు. అది మంచిదే, ఈ నేల భాష వారికి రావలెను. కాని తెలుగక్షరము పాఠ్యపుస్తకమున మాత్రమే ఉన్నచో, పరీక్షతో పాటు అదియు ముగియును. కొలిమి ఆరినచో తిత్తి, దాగలి, సమ్మెట, పట్టుకారు అను మాటలును దానితోనే పోవును. వీనిని నిఘంటువులో చూపుటకంటె కొలిమివద్ద చూపుట మేలు. మా పై తరగతుల విద్యార్థులచే అక్షరములను నిలువెత్తున గీయించి కమ్మరికి మాదిరిగా ఇప్పించుటకు మేము సిద్ధముగా నున్నాము.

ఒక్కమాట. వెల అడుగునపుడు ఇనుమును తూకమువేసి బేరమాడకుడు. తూకము ఇనుమునకే గాని చేతిపనికి కాదు. నాలుగు కుటుంబములు పని చెప్పినచో ఒక కొలిమి కొన్ని నెలలు మండును. అది మండుట చూచిన కుఱ్ఱవాడు సమ్మెట పట్టవచ్చును.

 పిల్లలందఱు విద్యావంతులై వర్ధిల్లుదురు గాక!