పిట్టగోడ ఎవరు కట్టాలి?

(బరంపురంలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, అక్కడినుంచి ఎవరైనా పడి చనిపోతే, ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. గమనించండి. చూసుకుని నడవలేదేమని పడినవాణ్ణి అడగడం లేదు. గోడ ఎందుకు కట్టలేదని ఇంటివాణ్ణి అడుగుతున్నాడు.

ఈ మాటను మన రోడ్డు మీదికి తెద్దాం. 16వ నంబరు జాతీయ రహదారి విశాఖ, శ్రీకాకుళం దాటి మన బరంపురం, ఛత్రపురం, గంజాం మీదుగా భువనేశ్వర్ వైపు పోతుంది. గంజాం దగ్గర ఉప్పునీటిలో కరెంటు పంపి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీసే కర్మాగారం దశాబ్దాలుగా ఉంది. క్లోరిన్ మనకు శత్రువు కాదు, కుళాయి నీటిని శుద్ధి చేసేది అదే. కానీ లీకైతే అది గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేలబారున పాకి పల్లపు ఇళ్లలోకి చేరుతుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మందిని బలి తీసుకుంది. అదేం గ్యాసో, ఎటు పరుగెత్తాలో జనానికి తెలియలేదు. కర్మాగారం ఒక్కచోటే ఉంటుంది. ట్యాంకరు మాత్రం అదే ప్రమాదాన్ని ఊరూరా తిప్పుతుంది. దాని పక్కన మొదట ఉండేవాళ్లు డ్రైవరు, క్లీనరు.

చట్టం ఈ పిట్టగోడను ఎప్పుడో గీసి పెట్టింది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 చూడండి. ప్రమాదకర సరుకు నడిపే డ్రైవరుకు ప్రత్యేక శిక్షణ ఉండాలని 9వ నియమం చెబుతుంది. 135వ నియమం ఇంకా స్పష్టం. ఏం మోస్తున్నాడు, దానివల్ల ముప్పేమిటి, బండి నడుస్తున్నప్పుడూ ఆగినప్పుడూ ఏ జాగ్రత్తలు తీసుకోవాలి, ఆపద వస్తే ఏం చేయాలి, ఇవన్నీ డ్రైవరుకు అర్థమయ్యేలా నేర్పించే బాధ్యత బండి యజమానిది. సరుకు పంపేవాడు పూర్తి సమాచారం ఇవ్వాలి. ఆ కాగితం క్యాబిన్‌లో ఉండాలి.

"అర్థమయ్యేలా" అన్నదే అసలు మాట. ఇంగ్లీషు కార్డు మీద సంతకం చేయించుకుంటే శిక్షణ అయిపోదు. తెలుగో ఒడియానో తప్ప రాని మనిషికి ఆ కార్డు మూసిన తలుపే. ఇక ఈ నియమాలు మాట్లాడేది డ్రైవరు గురించి. వాల్వు దగ్గర నిలబడే క్లీనరు కుర్రాడి సంగతి? అతనికీ ప్రాణం ఒక్కటే, అతనికీ ఇంట్లో తల్లి ఉంది.

యౌవనస్థులారా, మీ సంఘంలో, మీ వీధిలో ట్యాంకరు మీద పనిచేసే అన్నలు ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. కార్డు తెచ్చుకుని తెలుగులో, ఒడియాలో రాసివ్వండి. బండి మీది నారింజ పలకలో నాలుగంకెల సంఖ్య చదవడం మీరూ నేర్చుకోండి: 1017 అంటే క్లోరిన్, 1824 అంటే కాస్టిక్ సోడా ద్రావణం, 1203 అంటే పెట్రోలు. క్లోరిన్ లీకైతే గాలి వీచే దారికి అడ్డంగా పక్కకు తప్పుకుని మెరకకు వెళ్లాలి. లీకు మీద నీళ్లు పోయకూడదు, ఆమ్లం తయారై రంధ్రం పెద్దదవుతుంది. కాస్టిక్ ఒంటిమీద పడితే మాత్రం తడిసిన బట్టలు తీసేసి, చాలాసేపు ఆగకుండా నీళ్లు పోయాలి. వెంటనే 112కు ఫోన్ చేయాలి.

అయితే ఒక జాగ్రత్త. మనం నేర్పిస్తున్నాం కదా అని యజమాని చేతులు దులుపుకోకూడదు. శిక్షణ రోజులకు కూలి, చేతి తొడుగులు, ముసుగు, ఇవి దయతో ఇచ్చేవి కావు, బాకీ. అడిగిన డ్రైవరు పని పోగొట్టుకోకుండా ఉండాలంటే ఒంటరిగా అడగకూడదు. అతని పక్కన యూనియన్ నిలబడాలి, సంఘం నిలబడాలి, మన సంఘాల్లో లారీలున్న పెద్దలు ముందుగా నిలబడాలి.

ప్రమాదం జరిగాక సమాధి కూడికకు వెళ్లి కన్నీళ్లు తుడవడం మనకు బాగా వచ్చు. దేవుడు అంతకంటే ముందే పని చెప్పాడు. గోడ కట్టమన్నాడు. కట్టిద్దాం.