గ్రామసభయు గ్రంథాలయమును
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



తిరుమలగిరి గ్రంథాలయమున నిలిచి మన్యపు మాట యెందుకని మీరడుగవచ్చును. తన ఊరి సంగతి తన్నడుగకయే నిర్ణయింపబడుట గిరిజనులకే కాదు, మనకును కలుగు బాధయే.

1940లో జోడేఘాటున కొమరం భీము నేలకొరిగిన పిదపనే నిజాం ప్రభుత్వము గోండుల స్థితిని విచారించుటకు హైమన్‌డార్ఫ్ పండితుని నియోగించెను. ముందుగా అడిగియుండినచో ఆ నెత్తురు చిందకుండెడిదేమో!

విశాఖ మన్యమున బొర్రా ప్రాంతపు భూములను గనులకు కౌలుకిచ్చినప్పుడు ‘సమత’ సంస్థ న్యాయస్థానమున కెక్కెను. షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులకు గనులకై కౌలుకీయరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1996 నాటి పెసా చట్టము, భూసేకరణకు ముందు గ్రామసభనో తగుస్థాయి పంచాయతీనో సంప్రదింపవలెనని విధించెను. 2013లో ఒడిశాయందలి నియమగిరిపై 12 గ్రామసభలు కూడి, బాక్సైటు తవ్వకము వలదని ఒక్కమాటగా పలికినవి.

అయినను సంప్రదించుట వేరు, సమ్మతి పొందుట వేరు. చదువరాని కాగితముపై వేసిన వేలిముద్ర సమ్మతి కాదు. గ్రంథాలయము పని ఇచ్చటనే మొదలగును. చట్టములను తెలుగున, మన్యమున నైనచో గోండి, కోయ మాటలలోను చదివి వినిపింపవలెను. సభలో చర్చించు విషయములను వారము ముందే గోడకు అంటింపవలెను. వెనుకవరుసను కూర్చుండువారిని ముందుగా మాటాడనిండు. వారి మాట విన్న పిమ్మట చేసిన నిర్ణయమే ఊరికి నిలుచును.

సెలవు.