గోడలకు నోరు కూడా వుంది



గోడలకు చెవులుంటాయని మన పెద్దలు చెబుతూ వచ్చారు. తోడికోడళ్ళు గుసగుసలాడుకోకుండా వుండడానికి పుట్టించిన మాటేమో అది! నన్నడిగితే గోడలకు చెవులే కాదు, నోరు కూడా వుంది. విన్నదాన్ని అవి మళ్ళీ మనకు అప్పజెబుతాయి. కొన్ని గోడలు ముద్దుగా అప్పజెబుతాయి, కొన్ని వెక్కిరిస్తాయి. ఏ గోడ ఎలా మాట్లాడుతుందో ఒక్కసారైనా వినకుండానే మనం ఇల్లు కొంటున్నాం. చదరపు అడుగులు లెక్కపెడతాం, వాస్తు చూపిస్తాం, నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయో అడుగుతాం. ఇల్లు ఎలా వినిపిస్తుందని అడిగినవాళ్ళు మీలో ఎవరైనా వున్నారా?

నాకు భవనాలంటే మొదటినుంచీ పిచ్చి. ఏ వూరు వెళ్ళినా గుడి కానీ, కోట కానీ, ఎవరిదో పాత బంగళా కానీ, తలెత్తి చూస్తూ నిలబడిపోతాను. రైలెక్కడానికి మా కాచిగూడ స్టేషనుకు వెళ్ళినా అంతే. 1916లో కట్టిన ఆ గుమ్మటాల వంక నేను చూస్తూ వుంటే, మావారు సామాను మోసుకుంటూ ముందుకు వెళ్ళిపోతారు. కొన్నేళ్ళుగా ఈ పిచ్చికి మరొకటి తోడయింది. ఏ గదిలోకి వెళ్ళినా చేతులు ఒక్కసారి చరిచి వింటాను. నలుగురూ నవ్వుతారనుకోండి, అయినా మానను.

మీరూ ఇవాళే చేసి చూడండి. ముందు స్నానాల గదిలో ఒక్క చప్పట కొట్టండి. ఆ చప్పుడు చటుక్కున చావదు, కొంచెం సేపు గింగురుమంటూ సాగుతుంది. అందుకే స్నానం చేస్తూ పాడితే ప్రతివాళ్ళ గొంతూ ఘంటసాల గారి గొంతు లాగానే అనిపిస్తుంది. తరువాత పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా వున్న పడకగదిలో కొట్టండి. చప్పట అక్కడే ఆగిపోతుంది. చేతులు అవే, ఇల్లు అదే. తేడా అంతా గదిలో వున్న మెత్తదనంలో వుంది.

ఈ మెత్తదనాన్ని మొదటిసారి లెక్కగట్టినాయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాలెస్ సబీన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో పాఠం చెబితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట. ఒక మాట అంటే అది అయిదున్నర సెకన్లపాటు గదిలో తిరుగుతూ వుండేది. అది చల్లారేలోపల మరి పది మాటలు దాని మీద పడేవి. 27 ఏళ్ళ సబీన్‌కు దీని సంగతి చూడమని అప్పజెప్పారు. ఆయన ఏం చేశాడో వింటే మీకు ముచ్చటేస్తుంది. దగ్గరలోని నాటకశాలలో కుర్చీల మీద వేసే మెత్తలన్నిటినీ రాత్రిపూట మోయించి తెచ్చి, ఈ గదిలో పరిచి, ఆర్గన్ గొట్టం ఒకటి మోగించి, చప్పుడు ఎంతసేపటికి ఆగుతుందో గడియారం పెట్టి చూశాడు. కొన్ని మెత్తలు వేసి ఒకసారి, మరికొన్ని వేసి మరొకసారి. తెల్లవారేసరికి మెత్తలన్నీ మళ్ళీ నాటకశాలకు చేరాలి! మనిషి ఒంటిమీది బట్టలు కూడా చప్పుడును పీల్చుకుంటాయని గ్రహించి, అవే బట్టలు వేసుకుని పరీక్షలు చేశాడు. ఇలా పుట్టిన లెక్కతోనే 1900లో బోస్టన్ నగరంలో సింఫనీ హాలు కట్టారు. ప్రపంచంలో సంగీతం బాగా వినిపించే హాళ్ళు ఏవంటే ఇప్పటికీ దాని పేరు చెబుతారు.

సబీన్ పెట్టుకున్న కొలబద్ద ఇంకా బాగుంటుంది. తెరిచివున్న కిటికీ! కిటికీలోంచి బయటికి పోయిన చప్పుడు తిరిగి రాదు గదా. అందుకని ఫలానా మెత్త ఎంత కిటికీతో సమానం, ఫలానా తివాసీ ఎంత కిటికీతో సమానం అని లెక్కవేశాడు. ఈ తెరిచిన కిటికీని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

అమెరికాదాకా ఎందుకు, మన గోల్కొండ వుంది. కింద బాలాహిస్సారు ద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట కొడితే, దాదాపు 120 మీటర్ల ఎత్తున్న కొండపైన వినిపిస్తుంది. కిలోమీటరు దూరమని గైడ్లు చెబుతారు. మెట్లెక్కి ఆయాసపడే మనకు దూరమే గానీ, గాలిలో నేరుగా పోయే చప్పుడుకు అంత వుండదు. నన్ను ఆశ్చర్యపరిచింది దూరం కాదు. గుమ్మటం కింద నిలబడినప్పుడు పలికిన చప్పట నాలుగడుగులు పక్కకు జరిగితే పలకదు. ఆ గుమ్మటం వంపు చెదిరిపోయే చప్పుడును పోగుచేసి, ఒక దిక్కుకు పంపిస్తుంది, టార్చిలైటు వెనకవుండే అద్దం వెలుతురును పంపినట్టు. ద్వారం దగ్గర జరిగేది పైన కావలి వాళ్ళకు తెలియడానికి చేసిన ఏర్పాటని చెబుతారు. సెలవురోజున మాత్రం వెళ్ళకండి. అందరూ ఒకేసారి చప్పట్లు కొడుతూ వుంటారు, పైన వున్న మీకు మీవాళ్ళ చప్పట ఏదో తెలియనే తెలియదు.

ఇంతకంటే పెద్ద గోల బీజాపూరు గోల్‌గుంబజ్‌లో. మహమ్మద్ ఆదిల్‌షా సమాధి అది. 1656 నాటిది. గుమ్మటం అడ్డంగా 44 మీటర్లు. పైన గుమ్మటం చుట్టూ వున్న వసారాలో గోడకు నోరు ఆనించి గుసగుసగా మాట్లాడితే ఎదురుగా అవతల వున్నవాళ్ళకు వినిపిస్తుంది. మాట గోడ వంపు వెంటే పాకుతూ పోతుందన్నమాట. ఒక్కసారి పిలిస్తే అనేకసార్లు బదులు పలుకుతుంది. మేము వెళ్ళిన రోజున ఒక బడిపిల్లలు వచ్చి వున్నారు. ఇక చూడండి! గుసగుస కాదు కదా, పక్కనున్న మావారి మాట కూడా నాకు వినబడలేదు. ఆ మహమ్మద్ ఆదిల్‌షా తండ్రి రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా సంగీతమంటే ప్రాణం పెట్టిన మనిషి. స్వయంగా పాటల పుస్తకం రాసుకున్నాడు. కొడుకు సమాధిలో పాట పాడితే ఒక చరణం మీద మరొకటి పడి కలగాపులగమైపోతుంది. పెద్ద భవనమైతే సంగీతానికి మంచిదనుకోవడం వట్టి భ్రమ సుమండీ.

హంపీ విఠలాలయంలో మాత్రం రాయే వాద్యం. ఒకే గ్రానైటు రాతిలో నడిమి స్తంభం చుట్టూ సన్నని చిన్న స్తంభాలు చెక్కారు. లోపల డొల్ల కాదు, గట్టి రాయే. అటూ ఇటూ బిగిసివున్న సన్నని రాయి, తట్టితే వణుకుతుంది. పొడవు, లావు మారితే శ్రుతి మారుతుంది. వీణ తీగకు, దీనికి చుట్టరికం అదే. వచ్చినవాళ్ళందరూ నాణేలతో, తాళంచెవులతో కొట్టి కొట్టి పాడుచేస్తున్నారని ఇప్పుడు ముట్టుకోనివ్వడం లేదు. మంచిపని చేశారు.

సరే, రాజుల కట్టడాలు వదిలి మన పేటకు వద్దాం. చిక్కడపల్లిలో, నారాయణగూడలో పాత ఇళ్ళు ఇంకా అక్కడక్కడ మిగిలివున్నాయి. ముందు వరండా, కింద షాబాదు బండలు, పైన దూలాలు, వెనక పెరడు. మరీ పాతవైతే మధ్యలో ఆకాశం కనబడే వాకిలి. కోస్తావాళ్ళు మండువా అంటారు, ఇక్కడివాళ్ళు భవంతి ఇల్లంటారు. ఆ బండలూ, ఆ గోడలూ మెత్తనివేమీ కావు. అయినా ఆ ఇళ్ళల్లో వీణ హాయిగా వినిపించేది. కారణం సబీన్ చెప్పిన తెరిచిన కిటికీయే! ఆ ఇంటికి నడినెత్తిన ఆకాశమంత కిటికీ వుంది. తలుపులు పగలంతా బార్లా తెరిచే వుండేవి. కావలసినంత నాదం గదిలో వుండి, మిగతాది బయటికి పోయేది. వీధినపోయేవాళ్ళు కూడా ఆగి వినేవారు. ఇవాళ మన ఫ్లాట్లలో కింద అద్దంలాంటి టైల్సు, పక్కన నున్నటి గోడలు, కిటికీకి గాజుపలక. దుమ్ము వస్తుందనో, దోమలు వస్తాయనో, ఏసీ వేశామనో కిటికీ ఎప్పుడూ మూసే వుంటుంది. బయట చప్పుడు లోపలికి రాకూడదని కూడా మూస్తాం, అది నిజమే. 2020లో మెట్రో వచ్చింది, 2023లో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన వచ్చింది. వాటివల్ల ప్రయాణం సుఖమైంది, కాదనను.

పెళ్ళిళ్ళ సంగతి ఒక్కమాటలో చెప్పి ముందుకు పోతాను. సన్నాయి మేళం దేవుడి ఊరేగింపు ముందు, ఆరుబయట నాలుగు వీధులకు వినబడాలని పుట్టిన వాద్యం. దానిని తీసుకువచ్చి తలుపులు మూసిన ఏసీ హాల్లో, పైగా మైకు పెట్టి వాయిస్తున్నారు. తాళి కట్టే వేళ పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటే తప్పు వాళ్ళది కాదు. త్యాగరాయ గానసభలో వీణ కచేరీకి మైకు అవసరమే, ఎందుకంటే అది పదిమంది కూర్చున్న గదిలో వినవలసిన వాద్యం. సన్నాయికి మైకు ఎందుకో నాకు ఇంతవరకూ బోధపడలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా బాగ్ లింగంపల్లికీ అశోక్‌నగర్‌కూ మధ్య ఒక అపార్టుమెంటులో నాకు తెలిసిన ఒకావిడ వున్నారు. వయసు అరవై దాటింది. ఒంటరి మనిషి. సాయంత్రాలు తొమ్మిదిమంది పిల్లలకు గాత్రం, వీణ చెబుతారు. ఆ రాబడితోనే ఇల్లు గడుస్తుంది. మూడు నెలల కిందట అసోసియేషన్ వారు కాగితం పంపారు: ఫ్లాటు నివాసానికే గానీ బడికి కాదు, పాఠాలు ఆపవలసిందని. ఫిర్యాదు చేసింది పక్క ఫ్లాటులో అద్దెకున్న కుర్రాళ్ళు. అశోక్‌నగర్ అంటే మీకు తెలుసుగదా, జిల్లాలనుంచి వచ్చి గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల వూరు. నలుగురు ఒక గదిలో వుంటూ, ఇంటి దగ్గర తల్లిదండ్రులు అప్పుచేసి పంపిన డబ్బుతో చదువుకుంటున్నారు. వాళ్ళ చెవిలో రోజూ రెండు గంటలు సరళీ స్వరాలు! వాళ్ళనీ ఏమనగలం? ఆవిడ మాత్రం కాగితం చూసి రెండురోజులు అన్నం తినలేదు. "వీణ అమ్మేసి మా అన్నయ్యగారి ఊరు వెళ్ళిపోతానమ్మా" అన్నారు.

నేను వెళ్ళి ఆ హాల్లో చప్పట కొట్టాను. ఠంగుమంది. పిల్లలు కూర్చోవడానికి వీలుగా ఆవిడ సోఫాలు తీసేయించారు. నున్నటి ఖాళీ గది. ఒక పిల్ల తప్పుపాడితే ఆ తప్పు మిగతా ఎనిమిదిమంది గొంతుల్లో కలిసిపోయి ఎవరిదో తెలియడం లేదు. అందుకని ఆవిడ గొంతు పెంచుతున్నారు, ఆవిడను చూసి పిల్లలూ పెంచుతున్నారు.

ముందు జంపఖానా పరిచాం. పాత బొంతలు రెండు, పెట్టెలో మగ్గిపోతున్న దుప్పట్లు నాలుగు గోడలకు వేలాడదీశాం. గది నెమ్మదించింది, గొంతులు వాటంతటవే తగ్గాయి. అయితే ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. బొంత గదిలోని గింగురును తగ్గిస్తుందే గానీ, పక్కింటికి పోయే చప్పుడును ఆపదు. దాన్ని ఆపేది బరువు, బిగువు. గాలి దూరే సందులోంచి చప్పుడూ దూరుతుంది. అందుకని పక్క ఫ్లాటు గోడకు నిండా బట్టలున్న పెద్ద బీరువా చేర్చాం. వీధితలుపు కింద సందుకు గుడ్డ చుట్ట అడ్డంపెట్టాం. అన్నిటికంటే పెద్ద దొంగదారి వంటింటి కిటికీ. అది డక్టులోకి తెరుచుకుంటుంది, కుర్రాళ్ళ గది కిటికీ కూడా ఆ డక్టులోకే! మన ఇంటి పోపు వాసన పై అంతస్తుకు పోయేదీ, పై అంతస్తు వాళ్ళ దెబ్బలాట మనకు వినిపించేదీ ఈ దారినే. పాఠం వేళ ఆ కిటికీ మూయడం మొదలుపెట్టారు. వీణను నేలమీద నేరుగా పెట్టకుండా నాలుగు మడతలు వేసిన కంబళిమీద పెట్టారు, నేలలోకి దిగే అదురు తగ్గడానికి.

ఆ కుర్రాళ్ళలో ఒకణ్ణి పిలిచి, అవతల గదిలో కూర్చుని వినమన్నాం. వచ్చి చెప్పాడు: "ఇంతకుముందు మాటలతో సహా వినపడేది అమ్మా. ఇప్పుడు ఏదో దూరంగా పాడుతున్నట్టుంది. పరీక్షల ముందు మాత్రం అదీ కష్టమే." ఉన్నమాట చెప్పాడు, నాకు నచ్చాడు. వాళ్ళలో ఇద్దరు సాయంత్రాలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోవడం మొదలుపెట్టారు. ఆవిడ పాఠం రెండు గంటలనుంచి గంటన్నరకు దించారు.

అసోసియేషన్ వారు ఆ కాగితం ఇంకా వెనక్కి తీసుకోలేదు. వచ్చే నెల మీటింగులో మాట్లాడదామన్నారు. ఆవిడ వీణ అమ్మలేదు. పరీక్ష వున్న వారంలో పిల్లలను వెంటబెట్టుకుని సుందరయ్య పార్కుకు వెళుతున్నారు. అక్కడ పైకప్పు లేదు, గోడలు లేవు, పాడిన స్వరం పాడినట్టే గాలిలో కలిసిపోతుంది. మొదటిరోజున ఒక చిన్నపిల్ల బెదిరిపోయి, "టీచర్, ఇక్కడ నా గొంతు చిన్నదైపోయిందేమిటి?" అని అడిగిందట. ఆవిడ ఆ పిల్లను ఒక మూల ప్రహరీగోడ దగ్గరికి తీసుకువెళ్ళి, గోడకు ఎదురుగా నిలబెట్టి, మళ్ళీ మొదటినుంచి పాడమన్నారు.