నడుమ నియమములు తగ్గవలెను
(మన సంఘసభలో ఒక వర్తక సభ్యుడు గావించిన ప్రసంగ పాఠము)



నేను మెట్రిక్‌తో చదువు ముగించిన వర్తకుడను. అయినను కంప్యూటర్లు ఒకదానితో నొకటి వార్తలు పంపుకొనుటకు ఏర్పరచుకొనిన నియమములను గూర్చి రెండు మాటలు మనవి చేయుదును. వీనినే ప్రోటోకాలులందురు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, బళ్ళారి మైసూరునకును చేరినవి. నాటి నుండి ఆదోని పత్తి లారీ మన ఊరు చేరుటకు రాష్ట్రపు సరిహద్దు దాటవలసివచ్చెను. చెక్‌పోస్టు వద్ద నిలిచి, కాగితములు చూపి, ముద్ర వేయించుకొని కదలెడిది. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలైన పిదప ఆ పన్ను చెక్‌పోస్టులు తొలగినవి. లెక్క మాత్రము పోలేదు. పంపువాడును పుచ్చుకొనువాడును తమ తమ దుకాణముల నుండియే అప్పగించుచున్నారు.

ఇంటర్నెట్టు సూత్రమును ఇట్టిదే. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను అమెరికనులు దీనిని ప్రతిపాదించిరి. 1983 జనవరి 1న అమెరికా దేశపు ఆర్పానెట్ ఈ పద్ధతికి మారెను. వార్త చిన్న పొట్లములుగా విడివడి పోవును. నడుమనున్న రౌటరు అను యంత్రము చిరునామా చూచి ముందుకు పంపును. తప్పిపోయిన పొట్లమును మరల తెప్పించుకొనుట తుదనున్న యంత్రముల పని.

అయినను పాత పద్ధతిలో కొంత చాకిరి నడుమనే మిగిలెను. ప్రతి మజిలీయందును చిరునామా చీటీ చెడలేదు గదా యని లెక్కగట్టి చూడవలెను. పొట్లము పెద్దదైనచో చీల్చవలెను. 1995లో తొలుత వెలువడిన ఆరవ కూర్పు ఈ రెండు పనులను రౌటరుకు తప్పించెను. చిరునామా పొడవు నాలుగింతలైనను, చీటీలోని గళ్ళు 12 నుండి 8కి తగ్గినవి.

ఇందువలన మనకేమి లాభమందురా? నడిమి యంత్రము లోపలిది తెలుగా, కన్నడమా యని అడుగదు. అల్పసంఖ్యాకులకు ఇది గొప్ప మేలు. కాని నడుమ భారము తగ్గిన కొలది తుదలవారి బాధ్యత పెరుగును.

కొన్నేండ్ల క్రిందట మా బంధువుల యింటి మరణవార్త, ఒక ముద్రణాలయమువారి సొంత ఫాంటులో కూర్చబడి, ఈమెయిలున వచ్చెను. పొట్లములన్నియు క్షేమముగా చేరినవి. అక్షరములు మాత్రము పిచ్చిగీతలై కనబడినవి. అది చదివించుకొని మేము బయలుదేరునప్పటికి దహనము ముగిసెను. దారిలో తప్పు లేదు. రెండు తుదలకు ఒప్పందము లేకపోయెను.

ఆ ఒప్పందమునకు యూనికోడు అని పేరు. 1991 నాటి తొలి కూర్పునుండియు తెలుగునకు అందు స్థానము కలదు. కావున మన సంఘపు ప్రకటనలు, సభ్యుల జాబితా, విద్యార్థుల దరఖాస్తులు అన్నియు యూనికోడు తెలుగులోనే నడుపవలెనని ప్రతిపాదించుచున్నాను. శాఖకొక ఫాంటు, శాఖకొక యాప్ వలదు. నియమము ఒక్కటే చాలును. దానిని అందరమును పాటింతము.