పుస్తకాల షాపులో ఆదివారం సాయంత్రం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'విశ్రాంత జీవితంలో కాలక్షేపం' గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ముప్పైమూడేళ్ళు గుమాస్తాగా ఫైలు కింద 'సమర్పించడమైనది' అని రాసి పైకి పంపినవాణ్ణి. సొంతంగా మాట్లాడే అలవాటు తక్కువ. కనుక నాకు తెలిసిన ఒక్క సంగతే చెప్పి కూర్చుంటాను. అది పుస్తకాల షాపులో జరిగే సభల సంగతి.

మా ఆవిడకు పుస్తకమే లోకం. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆఫీసు నుంచి వస్తూ అద్దె పుస్తకాల షాపులో నవల మార్చుకు రావడం నా డ్యూటీ. మరిచిపోయిన రోజున కాఫీలో చక్కెర ఉండేది కాదు. ఆరేళ్ళ క్రితం ఆమెకు కళ్ళలో నీటికాసులని డాక్టరుగారు తేల్చారు. ఉన్న చూపును నిలబెట్టుకోవడమే గాని, పోయింది తిరిగి రాదన్నారు. పోనీ నేనే చదివి వినిపిద్దామని కూర్చున్నాను. "మీరు కథ చదువుతుంటే జీవో చదివినట్టుందండీ" అని రెండో పేజీలోనే ఆపించేసింది.

విజయవాడలో ఏలూరు రోడ్డు మనందరికీ తెలిసిందే. ఆ పక్క సందులో ఒక చిన్న పుస్తకాల షాపు ఉంది. ఒక ఆదివారం మందులకని వెళ్తే, ఆ షాపు ముందు అట్ట మీద 'సాయంత్రం 5 గంటలకు రచయిత్రితో ముచ్చట, కథాపఠనం, అందరూ ఆహ్వానితులే' అని రాసి ఉంది. ఇంటికెళ్ళి ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చాను.

బల్లలు గోడకు జరిపి పాతిక ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. షాపు యజమాని మా ఆవిణ్ణి చూసి, "ఇటు రండమ్మా, ఫ్యాను కింద కూర్చోండి" అన్నాడు. రచయిత్రి తన కథ తానే చదివింది. అన్నదమ్ములు ఇల్లు పంచుకునే కథ. చదవడం అయ్యాక, ఏ సభలోనూ నోరు విప్పని మా ఆవిడ, "ఇంతకీ ఆ బావి ఎవరి వాటాకు వచ్చిందమ్మా?" అని అడిగింది. "మీరైతే ఎవరికిస్తారండీ?" అని ఆమె తిరిగి అడిగింది. దాని మీద అరగంట చర్చ. ఆటోలో వస్తూ మా ఆవిడ అన్నది: "కోడలికి రాయాల్సిందండీ. ముప్పై ఏళ్ళు నీళ్ళు తోడింది ఆమె కదా!" ఆ ఏడాదిలో ఆవిడ అంత ఉత్సాహంగా మాట్లాడడం అదే మొదలు.

ఇది కొత్త వింత కాదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఇదే బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధుల మహాసభ జరిగింది. దానికి అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిన్ననాటి నుంచి చూపు మందగించినా, ఇతరులచేత చదివించుకుని, తాను చెబుతూ రాయించిన మహానుభావుడు ఆయన. 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్ళకు పంపారు. పుస్తకం దగ్గరికి రాలేని మనిషి దగ్గరికి పుస్తకమే వెళ్ళాలన్నది వారి పట్టుదల. మన ఊళ్ళో 1989లో మొదలైన పుస్తక మహోత్సవానికి స్వరాజ్ మైదానానికి పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినవారు మనలో చాలామంది ఉన్నారు. అయితే మహోత్సవం ఏడాదికొకసారి వచ్చే తిరునాళ్ళు. పుస్తకాల షాపు రోజూ దీపం పెట్టే గుడి. తిరునాళ్ళకు జనం ఉంటారు. గుడిలో దీపానికి నూనె ఎవరు పోస్తున్నారన్నదే ప్రశ్న.

ఆర్నెల్లు తిరిగాక యజమాని నన్ను పక్కకు పిలిచి, "వచ్చే నెల నుంచి సభలు ఆపేద్దామనుకుంటున్నానండీ" అన్నాడు. లెక్కల మనిషిని గదా, వివరాలడిగాను. ఆ రోజు వచ్చినవారు ముప్పైనలుగురు. అమ్ముడైన ప్రతులు ఆరు. వెల 150 రూపాయలు. ఒక్కో ప్రతి మీద ఆయనకు మిగిలేది 50. వెరసి 300. కుర్చీల అద్దె, టీ, బిస్కెట్లకు అయిన ఖర్చు 540. షాపు అద్దె, కరెంటు ఈ లెక్కలోకి రాలేదు.

ఆ ఆరు ప్రతుల్లో నాది లేదు. నిజం చెప్పాలంటే ఆర్నెల్లలో నేను కొన్నవి సున్నా. రచయితలు అభిమానంగా ఇచ్చిన ఉచిత ప్రతులను టి.ఏ. బిల్లులా హక్కుగా పుచ్చుకున్నాను. టీ మాత్రం ప్రతిసారీ తాగాను. ఇంటికి వెళ్ళి ఈ మాట చెబితే మా ఆవిడ కాసేపు ఊరుకుని, "చూపు లేనిదానికి పుస్తకం ఎందుకనుకున్నారు కాబోలు. నేను విన్నదానికి ఖరీదు లేదా?" అన్నది. సర్వీసులో మెమోలు చూశాను గాని, ఇంత సూటిగా ఏ మెమోలోనూ అడగలేదు.

మరుసటి నెల నుంచి పెన్షన్ పడగానే ఒక పుస్తకం కొంటున్నాను. మన సంఘం మిత్రులు అయిదుగురు నాతో కలిశారు. సభలు ఆగలేదు. అలాగని నష్టమూ తీరలేదు. ఎన్నాళ్ళు నడుస్తాయో ఆయనా చెప్పలేడు, నేనూ చెప్పలేను.

అందుకని కార్యవర్గం ముందు మూడు మనవులు.

ఒకటి: మన సంఘానికి మడత కుర్చీలున్నాయి. నెలకొక ఆదివారం వాటిని ఆ షాపుకు ఎరువిద్దాం. ఆయనకు కుర్చీల అద్దె తప్పుతుంది.

రెండు: రచయితను ఉచిత ప్రతి అడగవద్దు. ఇస్తే పుచ్చుకుని, ఇంకొకటి కొని మనవడికో మనవరాలికో ఇద్దాం. నెలకొకటి భారమైతే మూడు నెలలకొకటి చాలు.

మూడు: మనలో చూపు తగ్గినవారిని, ఒంటరిగా ఉన్నవారిని ఎవరో ఒకరు వెంటబెట్టుకు రావాలి. అక్కడ మన బీపీ ఎంత, షుగర్ ఎంత అని ఎవరూ అడగరు. కథ ఎలా ఉందని అడుగుతారు. మన అభిప్రాయం ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయింది చెప్పండి?

మా ఆవిడ ఈ సభకూ వచ్చింది. మూడో వరుసలో ఉంది. ప్రసంగం జీవోలా ఉందో లేదో ఇంటికెళ్ళాక చెబుతుంది. ఈ మూడు మనవులూ నా పాత అలవాటు ప్రకారం 'సమర్పించడమైనది'. ఆమోదించవలసింది మీరు.

సెలవు.