‘ఇంజూర్’ అను మాట – దాని పుట్టుక, దాని భావము

‘ఇంజూర్’ అంటే ఏమిటని బడిపిల్లవాణ్ణి అడగండి. ‘గాయపరచుట’ అని ఠక్కున చెబుతాడు. ఆస్పత్రిలోనూ, ఆటస్థలంలోనూ అదే అర్థం. తప్పు లేదు. కాని ఆ మాట పుట్టినప్పుడు అందులో నెత్తురు లేదు, న్యాయం ఉంది.

లాటిను భాషలో ‘యూస్’ అంటే న్యాయము, హక్కు. దాని ముందు ‘కాదు’ అనే అర్థమిచ్చే ‘ఇన్’ చేరగా ‘ఇన్యూరియా’ అయింది. మన న్యాయము ముందు ‘అ’ చేరి అన్యాయము అయినట్లే. అది ఫ్రెంచి ద్వారా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులో ‘ఇంజూరీ’గా ప్రవేశించింది. దాని నుండి తర్వాత ‘ఇంజూర్’ అనే క్రియ పుట్టింది. మొదటి అర్థం అన్యాయం చేయుట. శరీరానికి గాయం చేయుట అనేది ఆ తర్వాత వచ్చింది.

రోములో ఒక ముచ్చట ఉంది. క్రీ.పూ. 450 ప్రాంతపు పన్నెండు పట్టికల చట్టం, చిన్న దెబ్బకు 25 ‘ఆస్’ నాణెములు జరిమానాగా పెట్టింది. కాలక్రమాన ఆ నాణెముల విలువ పడిపోయింది. అప్పుడు లూసియస్ వెరాటియస్ అనే ధనికుడు దారినపోయేవారి చెంపలు వాయించేవాడట. వెనకే సంచితో వచ్చే బానిస అక్కడికక్కడే 25 నాణెములు లెక్కపెట్టి ఇచ్చేవాడట! ఆలస్ గెల్లియస్ అను రచయిత దీన్ని రాసిపెట్టాడు. చివరకు న్యాయాధికారులు ఆ కట్టుడు జరిమానాను విడిచి, జరిగిన అవమానాన్నిబట్టి వెల కట్టించసాగారు. చెంప నొప్పి పూటలో తగ్గుతుంది, పోయిన మర్యాద తగ్గదు గదా!

1860 నాటి భారత శిక్షాస్మృతి కూడా ఈ తేడా పాటించింది. ‘హర్ట్’ అంటే శరీర బాధ, వ్యాధి, దౌర్బల్యము మాత్రమే. ‘ఇంజూరీ’ అంటే శరీరానికే గాక మనస్సుకు, పేరుకు, ఆస్తికి చట్టవిరుద్ధంగా చేసే ఏ హాని అయినా. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఈ నిర్వచనాన్ని నిలుపుకున్నది.

గలతీయులకు వ్రాసిన పత్రిక 4:12లో పౌలు వాడిన గ్రీకు మాట ‘అదికేయో’. ‘దికే’ అంటే న్యాయము. ముందున్న ‘అ’ అంటే లేమి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అక్కడ ‘ఇంజూర్’ అనే క్రియనే వాడింది. మూడు భాషలూ ఒకే విధంగా ఆలోచించాయి.

ఈ మాట నాకు నిఘంటువు నేర్పలేదు. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక ముసలి కావలివాని పెన్షను కాగితం మూడు నెలలు నా బల్లమీదే పడి ఉంది. ఆయన వచ్చి, “మీరు నన్నొక్క మాట అనలేదు బాబూ. కాని పండక్కి మనవరాలికి గౌను కొనలేకపోయాను” అన్నాడు. ఎవరికీ హాని చేయనివాడినని అప్పటివరకు నా నమ్మకం.

కనుక సోదరులారా, ఎవరినైనా కొట్టామా, తిట్టామా అని చూసుకుని తృప్తిపడవద్దు. ఒకరికి రావలసినది మన చేతిలో ఆగిపోయిందా అని చూసుకుందాం. కూలివాని డబ్బులు కావచ్చు, ఆడబిడ్డ వాటా కావచ్చు, చెప్పవలసిన ఒక మంచి మాట కావచ్చు. ఈ రాత్రి ఇంటికి వెళ్లి వెదకుదాం.