మంచువేళ శ్రుతి

ధనుర్మాసమనగానే నాకు చలికంటె ముందు చప్పుళ్లు జ్ఞప్తికి వచ్చును. ఆలయమున గంట, బావివద్ద గిలక, వీధిలో హరిదాసు చిరుతలు. మంచు కురియు వేళ ఎదుటి యిల్లు సయితము కానరాదు గాని నాదము మాత్రము మరుగుపడదు. అట్టి యొక వేకువను గురించి మీతో చెప్పవలెనని యున్నది.

మా అమ్మ పుట్టింటినుండి తెచ్చుకొన్న వస్తువులలో తంబుర యొకటి. ఆమె సభలలో పాడినది కాదు. పప్పు ఉడుకునంతసేపు వంటింటి గడపవద్ద కూర్చుండి పాడుకొనెడిది. నాకు పదియేండ్ల ప్రాయమున, శ్రావణమాసములో, నాన్నగారు పరమపదించిరి. నాటినుండి తంబుర గవిసెనలో మూలకు చేరినది. అమ్మ మాటలాడుటయు మానివేసినది. అడిగినదానికి బదులు చెప్పుటయే గాని తనంతట తాను పలుకరించుట లేదు.

ఆ యేటి ధనుర్మాసమున ఊరంతట ముగ్గులు, గొబ్బెమ్మలు. మా వాకిలి మాత్రము బోసిగా నుండెను. ముగ్గులేని యింటిముందు హరిదాసు ఆగునా యని నేను కిటికీలోనుండి చూచుచుంటిని. ఆయన ఆగెను. తలపై అక్షయపాత్ర, ఒకచేత తంబుర, వేరొకచేత చిరుతలు. భిక్షకు వచ్చిన హరిదాసు హరికీర్తనము తప్ప వేరుమాట పలుకడు. మాకును ఓదార్పుమాట యేదియు చెప్పలేదు. పాట ముగియువరకు నిలిచి, నేను దోసిట బియ్యము తేగా మోకాలిపై వంగి పాత్రలో పోయించుకొని, మంచులో కలిసిపోయెను.

తలుపు వెనుకనుండి అమ్మ అన్నది: “ఆయన తంబుర శ్రుతి తప్పిందిరా, మంచుకి.”

నాలుగు మాసముల తరువాత ఆమె తనంతట అన్న తొలిపలుకు అది. ఆమె చెప్పినది నిజమే. చలికి లోహపు తీగలు ముడుచుకొనును, తేమకు కొయ్య ఉబ్బును. రాత్రి కూర్చిన శ్రుతి వేకువకు నిలువదు.

ఏడాది తిరుగని యింట పాటయేమని నలుగురు అందురేమోనని అమ్మకు సంకోచము. కొడుకును పోగొట్టుకొన్న మా నాయనమ్మయే ఆ సంకోచమును తీర్చినది. “అమ్మాయీ, ఆ గవిసెన తియ్యి. వాడు విన్న పాటే కదా, నేనూ వింటాను.”

తీగలకు తుప్పు పట్టియున్నది. జీవ ఊడిపోయినది. జీవ యనగా తీగెకును గుర్రమునకును నడుమ నుంచు సన్నని దారపు పోగు. అది కుదురుకొన్నగాని నాదమునకు ప్రాణము రాదు. అమ్మ తన నూలుచీర చెరగునుండి పోగులు లాగి అమర్చినది. పంచమము, సారణి, అనుసారణి, మంద్రము ఒక్కొక్కటిగా కూర్చునప్పటికి ఎండపొడ వచ్చినది. ఆనాడు ఆమె పాడలేదు. తీగలు మీటుచు ఏడ్చినది. నాన్నగారు పోయిన తరువాత ఆమె ఏడ్వగా నేను చూచుట అదియే మొదలు. నాయనమ్మ వారింపలేదు.

సంక్రాంతి వెళ్లిన పిమ్మట పుష్య బహుళ పంచమి వచ్చినది. 1847 జనవరి 6వ తేదీన త్యాగరాజస్వామి సిద్ధిపొందిన తిథి అది. ఏటేట ఆనాడు తిరువయ్యారులో, కావేరి గట్టున, ఆయన సమాధియెదుట విద్వాంసులు కూడి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పంచరత్నములను కలిసి పాడుదురు. ఒక మహనీయుడు పోయిన దినమును లోకము పాటతోనే తలచుకొనుచున్నది. పొరుగింటి రేడియోలో ఆ ప్రసారము వినవచ్చుచుండగా, శ్రీరాగము చేరునప్పటికి మా వంటింటినుండి సన్నని గొంతు ఒకటి దానితో కలిసినది.

సంగీతము దుఃఖమును పోగొట్టునని పెద్దలందురు. మా అమ్మ దుఃఖము పోలేదు. గడ్డకట్టియున్నది కరిగినది, అంతే. ఆ తరువాత ఆమె మాతో మాటలాడినది, కోపపడినది, నవ్వినది.

ఆ తంబుర నేడు నాయింట నున్నది. నాకు పాట రాదు. శ్రుతి కూర్చుట మాత్రము అమ్మ నేర్పినది. చలి ముదిరిన వేకువలలో లేచి ఆ పనియొక్కటి చేయుదును. మీ యింట మూలనున్న వాద్యమేదైన ఉన్నచో, ఈ మంచు వెళ్లకముందే ఒకమారు గవిసెన విప్పి చూడుడు.